మా దొరసాని వేలంపాట

మనిషి బుర్రతో ఆలోచించి నిర్ణయం తీసుకుంటాడని ఎవరైనా చెబితే, వాళ్లను నా ఆటో దగ్గర ఒక్క పూట నిలబడమనండి. మార్కాపురం పోయే ఆటో ఖాళీగా ఉంటే ఒక్కరూ ఎక్కరు. బస్సు వస్తుందేమో చూద్దామని ఎండలో నిలబడతారు. అదే ఆటోలో ఇద్దరు కూర్చుని ఉన్నారనుకోండి, మూడోవాడు పరుగెత్తుకొస్తాడు, నాలుగోవాడు సంచీ విసిరి సీటు పట్టుకుంటాడు, ఆ తర్వాత వచ్చినవాడు నా పక్కన సగం సీటు మీద వేలాడుతూ కూడా పోనీ పోనీ అంటాడు. ఈ కిటుకు తెలిసినప్పటి నుంచి మా మేనత్త పిచ్చమ్మకు పొద్దున్నే టీ తాగించి వెనక సీట్లో కూర్చోబెడుతున్నాను. ఆమె ఎక్కడికీ పోదు. ఆటో నిండగానే దిగి ఇంటికి వెళ్లిపోతుంది.

ఈ తెలివి చూసే మా చర్చివాళ్లు కోత పండుగ వేలానికి మైకు నా చేతికిచ్చారు. మా ఊరు త్రిపురాంతకం దారిలో ఉంది. కందులు ఇళ్లకు చేరి, మిరప కోతలు జరిగే రోజుల్లో ఒక ఆదివారం ఈ పండుగ చేస్తాం. ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది దేవునికి తెస్తారు. కందులు, శనగలు, గుమ్మడికాయలు, కోళ్లు, అప్పుడప్పుడూ మేకలు. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ చర్చి ముందు షామియానా కింద వేలం వేస్తాం. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. చర్చికి రాని గొర్రెల కాపర్లు, మాంసం కొట్టువాళ్లు, పక్క ఊళ్లవాళ్లు కూడా వేలానికి మాత్రం తప్పకుండా వస్తారు. సినిమాకన్నా బాగుంటుంది మరి!

నేను మైకు పట్టుకున్న తర్వాత చర్చికి ప్రహరీ గోడ లేచింది. ఎందుకు లేవదు? గుమ్మడికాయ కావాలని ఎవరూ గుమ్మడికాయ పాడరు. నిరుడు ఒక పెద్దమనిషి పాట మధ్యలో ఆగిపోతే, "ఆగండి, ఆయన ఇంటావిడ వైపు చూస్తున్నాడు, అనుమతి రాలా!" అన్నాను. ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయన ఒక్క కాయకు కందుల బస్తా ధర పెట్టాడు. కోపం, పంతం, పక్కింటివాళ్ల మీద కుళ్లు, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు, ఇవే చేతులు పైకెత్తిస్తాయి. ఆలోచన పాపం తర్వాత ఇంటికొచ్చి గుమ్మడికాయ వైపు చూస్తూ కూర్చుంటుంది. అందరి మనసులూ ఇట్లా ఊగుతాయి, నా ఒక్కడిది మాత్రం ఊగదు అని నాకు గట్టి నమ్మకం.

ఈ ఏడాది కోత పండుగ రోజు పొద్దున్నే మైకు సెట్టు బిగించడానికి ముందుగా వెళ్లాను. "మనింటి కానుక నేను తెస్తాలే, నువ్వు పో" అంది మా ఆవిడ ఎలీషబా. ఏటా కోడిపెట్ట ఇస్తాం కాబట్టి కోడిపెట్టే అనుకున్నాను. ఆరాధన ముగిసింది. మైకు తీసుకుని, గొంతు సవరించుకుని, కానుకల వైపు తిరిగాను.

షామియానా గుంజకు కట్టేసి, మెడలో బంతిపూల దండతో, ఎవరో తెచ్చిన గోంగూర కట్టను కరకరా నములుతూ మా దొరసాని నిలబడి ఉంది.

దొరసాని మా మేక. తల దించకుండా, ముందుకాళ్లు ఎత్తెత్తి వేస్తూ నడుస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టాను. పుట్టిన వారానికే తల్లి పాముకాటుకు పోతే, సీసాతో పాలు పట్టి పెంచాను. నా ఆటో వీధి మలుపు తిరగకముందే చప్పుడు గుర్తుపట్టి అరుస్తుంది. ఎవరూ చూడకపోతే ఎక్కి వెనక సీట్లో కూర్చుంటుంది. "నేను పిలిస్తే పలకవు, అది అరిస్తే మాత్రం దిగుతావు" అని ఎలీషబా నన్ను ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. అటువంటి దొరసాని నన్ను చూసి, గోంగూర నోట్లో పెట్టుకునే, సంతోషంగా అరిచింది.

మైకు బల్ల మీద పడేసి ఆడవాళ్ల వైపుకు పోయాను.

"ఏందే ఇది? కోడిని తెస్తానన్నావు గదా!"

"నేను కోడి అన్లా. నువ్వే అనుకున్నావు" అంది ఎలీషబా, పైట సర్దుకుంటూ.

"దొరసానిని ఎట్ల ఇచ్చినావు? నన్ను ఒక్క మాట అడగొద్దా?"

"అది మొక్కుబడి. మొక్కుకున్నా, ఇచ్చేసినా. ఇంక అది దేవుడిది."

"ఎప్పుడు మొక్కుకున్నావు? దేనికి మొక్కుకున్నావు?"

"చెప్తే నువ్వు దాన్ని కోడి మీదికి దించుతావు, ఆటో బేరం మాదిరి. పో, జనం చూస్తున్నారు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏమనను? పాస్టరుగారు నవ్వుతూ చెయ్యి ఊపుతున్నారు, మొదలుపెట్టమని. వెనక్కి తిరిగేసరికి ఇంకో ఘోరం కనబడింది. త్రిపురాంతకంలో మాంసం కొట్టు పెట్టుకున్న యల్లయ్య దొరసాని దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. మంచి మనిషి, నా ఆటోలోనే వస్తాడు, పోతాడు, నేను మామా అని పిలుస్తాను. కానీ ఆయన వేళ్లు దాని నడుం మీద నొక్కుతున్నాయి, తొడ పట్టుకుని చూస్తున్నాయి. ఆ వేళ్లకు తక్కెడ అక్కర్లేదు. మాంసం ఎంత పడుతుందో అక్కడే తేలిపోతుంది. దొరసాని, పిచ్చి ముండ, ఆయన చొక్కా నాకుతోంది!

ఎట్లాగైనా దాన్ని ఇంటికి తీసుకుపోవాలి. ఇంకో ఆలోచన లేదు నాకు. ఇచ్చినవాళ్లే తమ కానుకను వేలంలో పాడుకుని తీసుకుపోవడం మా దగ్గర మామూలే. చిక్కంతా ఒక్కటే. పాడించేవాడు పాడకూడదు. ఈ నియమం పెట్టింది ఎవరు? నేనే! నాకన్నా ముందు మైకు పట్టినాయన మంచి కోళ్లన్నీ తనే పాడుకుంటున్నాడని గొడవ చేసి మరీ పెట్టించాను.

సరే, బుర్రకు పదును పెట్టాను. మేకను అన్నిటికన్నా చివర పెడదాం. అప్పటికి జేబులు ఖాళీ అవుతాయి, ఎండ నెత్తికెక్కుతుంది, చర్చి వెనక ఉడికే పలావు వాసన ఇటు కొడుతుంది. ఆకలేసినవాడు పంతం మర్చిపోతాడు. ఇక నా తరఫున పాడటానికి మనిషి ఉండనే ఉంది. పిచ్చమ్మ అత్త చెవిలో చెప్పాను.

"అత్తా, చివర్న మేక వస్తది. నేను కనుబొమ్మ ఎగరేసినప్పుడల్లా ఒక వంద పెంచు."

"నాకెందుకురా మేక?"

"నీకు గాదు, నాకు."

"నీ మేకను నువ్వే కొనుక్కుంటావా? జొరమొచ్చిందిరా నీకు?"

"అత్తా, రేపట్నుంచి టీతో పాటు బన్ను గూడ."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సరేనంది.

వేలం మొదలైంది. ఏం చెప్పమంటారు, ఆ పూట నా నోటికి అడ్డే లేదు! లోపల భయం ఉడుకుతుంటే పైకి మాటలు పొంగాయి. శనగలు పోయాయి, కందులు పోయాయి, పుంజు ఒకటి చేతిలోంచి ఎగిరి పాస్టరుగారి భుజమెక్కి ధర రెట్టింపు చేసుకుంది. గుమ్మడికాయ దగ్గర ఇద్దరు వియ్యంకులు పట్టుపట్టారు. "పెళ్లిలో పెట్టిన పప్పు పల్చగున్నింది, ఈయన చేతికి గుమ్మడికాయ ఎట్ల వస్తది!" అని మైకులో ఒక్క మాట వదిలాను. ఇక చూడండి, కుర్చీలు వెనక్కి పడ్డాయి, కండువాలు గాల్లోకి లేచాయి. ఆడవాళ్ల వైపు నుంచి వియ్యపురాళ్లు కూడా దిగారు. అంత సందట్లోనూ నా ఒక కన్ను యల్లయ్య మీదే ఉంది. ఆయన ఒక్క పాట కూడా పాడలేదు. జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. డబ్బంతా మేక కోసమే దాచుకున్నాడన్నమాట.

చివరికి దొరసాని వంతు వచ్చింది.

"ఇదొక మేక" అన్నాను.

జనం ఎదురుచూశారు. నేను అంతటితో ఆపేశాను. పళ్లు తోముకునే కానుగ పుల్లల కట్టకు కూడా పావుగంట వర్ణన చెప్పేవాణ్ణి!

"వయసు మీద పడింది. పాలు గూడ తగ్గిపోయినయి. పొడిచే గుణం ఉంది. ఏదో, ఎవురికన్నా పనికొస్తే పాడుకోండి" అని కనుబొమ్మ ఎగరేశాను.

"వెయ్యి!" అంది పిచ్చమ్మ అత్త, తను ఎగరేసిన గాలిపటాన్ని తనే చూసుకుంటున్నట్టు మురిసిపోతూ.

"వెయ్యి ఒకటోసారి, వెయ్యి రెండోసారి..." గుక్క తిప్పుకోకుండా అనేశాను.

"రెండు వేలు!"

ఆ గొంతు నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా తెలుసు. ఎలీషబా లేచి నిలబడి ఉంది.

"అబద్ధాలు జెప్తున్నాడు! పాలు తగ్గలా, ఏం తగ్గలా. పొద్దున కూడ చెంబు నిండా పిండినా. పొడిచే గుణం దానికి లేదు, ఈ మనిషికే ఉంది!"

షామియానా ఎగిరిపోయేంత నవ్వు! ఆకలి, ఎండ అన్నీ మర్చిపోయి జనం ముందుకు జరిగారు. నా లెక్కలో పలావు వాసన గురించి ఉంది గానీ ఎలీషబా గురించి లేదు.

"ఎలీషబా, కూచో" అన్నాను మైకులో, గొంతు నెమ్మది చేసుకుని.

"ఎవురైనా పాడొచ్చని నువ్వేగదా పొద్దున్నుంచి అరుస్తున్నావు!"

"నాలుగు వేలు" అన్నాడు యల్లయ్య. కదలకుండా, నవ్వకుండా, బజారులో కూరగాయ అడిగినట్టు.

నేను కనుబొమ్మ ఎగరేశాను. అత్త వంద పెంచింది. యల్లయ్య ఐదు వేలన్నాడు. మళ్లీ ఎగరేశాను. అత్త ఈసారి పెంచలేదు, "నాకు బన్నొద్దురా నాయనా!" అని కూర్చుంది. యల్లయ్య కాళ్లు సర్దుకున్నాడు. ఐదు వేలు ఒకటోసారి అనాలి. అనాల్సింది నేనే. నా నోరు తెరుచుకుంది, కానీ అందులోంచి వచ్చిన మాట వేరు.

"ఆరు వేలు! నాది!"

గోల లేచింది. పాస్టరుగారు లేచి, "ప్రకాశరావ్, పాడించేవాడు పాడకూడదు గదయ్యా, నీ నియమమే గదా" అన్నారు. "అయ్యగారూ, ఆ నియమం కోళ్లకు పెట్టింది, మేకలకు కాదు!" అన్నాను. నా తల పనిచెయ్యడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. తెలిస్తే మాత్రం ఆగుతుందా?

"ఏడు వేలు!" అంది ఎలీషబా.

"ఎనిమిది!" అన్నాను.

"తొమ్మిది!"

వియ్యంకులిద్దరూ పగ మర్చిపోయి ఒకళ్ల భుజం మీద ఒకళ్లు వాలి నవ్వుతున్నారు. ఎవరో ఈలేశారు. నాకు మాత్రం కళ్లు ఎర్రబడ్డాయి. మైకు చేతిలో ఉందన్న ధ్యాస కూడా లేదు.

"మనింటి మేక, మనింటి డబ్బులు! ఎవురి మీద పాడుతున్నావే నువ్వు?"

"నీ మీదనే" అంది. "నీ పానం మీద పాడుతున్నా!"

ఆమె గొంతు మారింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వానాకాలంలో నీకు డెంగీ వస్తే ఒంగోలు తీసుకపోయినాం గదా. నువ్వు కళ్లు మూసుకొని పడున్నావు. డాక్టరమ్మ బయటికొచ్చి, పిలవాల్సినోళ్లు ఎవురైనా ఉంటే పిలుచుకోమ్మా అనింది. అంతే అనింది. నేను ఎవుర్నీ పిలవలా. మెట్ల కాడ మోకాళ్లేసినా. ప్రభువా, ఈయన పానంగా చూసుకునేది మా ఇంట్లో ఒకటుంది, అది నీకిస్తా, ఈయన్ని నాకియ్యి అని అడిగినా. ఇచ్చినాడు. నేనే ఇంకా ఇయ్యలా, కోత పండుగ దాకా ఆగాల్సొచ్చె. నువ్వు దగ్గితే లేచి కూచుంటున్నా. నీ ఆటో రాకపోతే రోడ్డు మీదికొచ్చి నిలబడుతున్నా. అట్లా మొక్కిన మేకను పిచ్చమ్మత్తతో వందకు వంద పెంచి తోలుకపోదామని చూస్తావా? అంత చవకైనోడివా నువ్వు నాకు?"

నాకు మొదట కోపమే వచ్చింది, దాచను. ఇన్ని నెలలు చెప్పకపోవడమేమిటి? ఆ జ్వరం కథ నేను ఆటోలో ఎక్కినవాళ్లందరికీ నవ్వుతూ చెప్పేవాణ్ణి. ఏసీ గదిలో పడుకోబెట్టారు, మా ఇంట్లో ఫ్యానే సరిగా తిరగదు, ఇంకో నాలుగు రోజులు ఉంచితే బాగుండేది అని. ఎలీషబా వెనక సీట్లో కూర్చుని వింటూ ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ ఆసుపత్రిలో నాకు స్పృహ వచ్చిన రోజు ఆమె చీరకు మోకాళ్ల దగ్గర మట్టి చూసి అడిగాను. మెట్ల మీద జారాను అంది. జారినదానికి రెండు మోకాళ్లకూ సమంగా ఎట్లా అంటుకుందని నేను ఆలోచించలేదు. అందరి మనసులూ చదివే మొనగాణ్ణి కదా!

కోపం ఎటు పోయిందో పోయింది. నేను చావబోయానన్న భయం కాదు నాకు కలిగింది. నా కోసం ఒక మనిషి అంతగా భయపడిందని, ఆ భయం మోస్తూ రోజూ నాకు అన్నం పెట్టిందని తెలిసి, ఒళ్లంతా వేడిగా, సంతోషంగా, సిగ్గుగా అయిపోయింది. అన్నీ ఒకేసారి.

జనం కూడా కరిగిపోయారు. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఈ ఒక్కసారికి నియమం పక్కన పెడదాం. ప్రకాశరావే పాడుకోనీండి" అన్నారు. యల్లయ్య రెండు చేతులూ ఎత్తేశాడు.

"అల్లుడా, నేను తప్పుకుంటున్నా. తీసుకపో నీ మేకను."

"పాడు ప్రకాశా, పాడు!" అని రెండు వైపుల నుంచీ కేకలు.

చూశారా, నేను పొద్దున్నుంచీ కోరుకున్నది అరచేతిలో పెట్టారు! ఒక్క మాట అంటే చాలు. ఇట్లా జనం అరిచినప్పుడు ఏ మనిషైనా చెయ్యెత్తుతాడని నాకు తెలుసు, ఆ అరుపు మీదే కదా నా పేరు నిలబడింది. నా చెయ్యి లేవబోయింది కూడా. ఎలీషబా వైపు చూశాను. ఆమె వద్దనలేదు, సరేననలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్లీ చుట్టుకుంటోంది. నేను దొరసానిని ఇంటికి తీసుకుపోతే ఈమె ఈ రాత్రి కూడా నా దగ్గుకు లేచి కూర్చుంటుంది. రేపు కూడా. అంతే, ఇంకేం ఆలోచించలేదు.

"అందరూ కూచోండి!" అని మైకులో గట్టిగా అరిచాను. "యల్లయ్య మామా, నువ్వు తప్పుకోబాకు. మొదట నేను చెప్పిందంతా అబద్ధం. ఇప్పుడు నిజం జెప్తా, వినండి!"

అప్పుడు మొదలైంది అసలు పాట. మార్కాపురం స్టాండులో బస్సుల హారన్ల మీదుగా వినిపించే గొంతు నాది, దాన్నంతా బయటికి తీశాను. దొరసాని పాలు ఎంత చిక్కన, రెండు ఈతల్లో ఎట్లా జంట పిల్లల్ని ఇచ్చింది, పిల్లలకు కడుపు నిండాకే మనల్ని పొదుగు ముట్టనిస్తుంది, గాలివాన వచ్చే ముందు ఎట్లా అరిచి చెబుతుంది, అన్నీ చెప్పాను. ఒక్క అక్షరం కలపలేదు. కలపాల్సిన పని ఏముంది? ప్రేమించినదాని గురించి చెప్పేటప్పుడు మాటలు వెతుక్కోవాలా?

"తొమ్మిది వేల మీద ఉంది పాట! ఎవురు?"

"తొమ్మిదిన్నర" అన్నాడు యల్లయ్య, నన్ను విచిత్రంగా చూస్తూ.

"పది!"

ఆ గొంతు ఆడవాళ్ల వైపు చివర్నుంచి వచ్చింది. గొర్రెల కాపరి లక్ష్మీనరసయ్య భార్య చెంచులక్ష్మి. చర్చివాళ్లు కాదు, పక్క ఊరివాళ్లు. మందకు ఒక మేకపోతు దొరుకుతుందేమోనని వచ్చారు. లక్ష్మీనరసయ్య కుడివైపు నుంచి నిలబడి అరిచాడు.

"మేకలు మనకు తక్కువయినయా ఏంది? ఎందుకే?"

"అది నా దిక్కే చూస్తాండాది. నాకు కావాల."

యల్లయ్య పదిన్నర అన్నాడు. చెంచులక్ష్మి పదకొండు అంది. యల్లయ్య దొరసాని నడుం వైపు ఒకసారి చూశాడు, ఆకాశం వైపు చూశాడు, పెదాలు కదిపి ఏదో లెక్క వేసుకున్నాడు. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రలో! మొత్తం షామియానాలో లెక్కతో పాడే మనిషి ఈయన ఒక్కడే. మాంసం ధర దాటితే ఆయన ఆగిపోతాడు. పొద్దున్నుంచి భయంతో దొరసాని ధర తగ్గించి తగ్గించి, నేనే దాన్ని కత్తి కిందికి తోశాను. పాటను లేపాలి, ఇంకా పైకి లేపాలి!

"పదకొండే? వదినా, ఇంత పాడి మేకకు పదకొండే? ఇది మీ ఇంటికొస్తే దీని మనవరాళ్లను గూడ నువ్వే పిండుకుంటావు!"

"పన్నెండు!" అంది చెంచులక్ష్మి, తన పాట మీద తనే పాడుతూ. లక్ష్మీనరసయ్య తల పట్టుకున్నాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇంక నాకు గిట్టదు" అన్నాడు యల్లయ్య, జేబు మీంచి చెయ్యి తీసేసి.

"పన్నెండు వేలు! ఒకటోసారి!"

ఎలీషబా కళ్లు నా మీదే ఉన్నాయి.

"పన్నెండు వేలు! రెండోసారి!"

దొరసాని తలెత్తి నన్ను చూసింది. దాని మూతికి ఇంకా గోంగూర ఆకు అంటుకుని ఉంది.

"మూడోసారి!" అన్నాను. గొంతు పగిలింది గానీ మాట పూర్తిగానే వచ్చింది. జనం లేచి స్తోత్రం, స్తోత్రం అని కేకలు వేశారు. తాడు విప్పి నా చేతుల్తో చెంచులక్ష్మి చేతికి ఇచ్చాను. దొరసాని నాలుగు అడుగులు నా వైపే లాగింది. చెంచులక్ష్మి దాని మెడ కింద గోకి ఏదో మాట్లాడుతూ తీసుకుపోయింది. పోయేటప్పుడు కూడా తల దించలేదది.

నేను మైకు ఆపి, బల్లకు ఆనుకుని నిలబడ్డాను. ఎలీషబా నడిచి వచ్చింది. మగవాళ్ల వైపు, అంతమంది మధ్య నుంచి. వచ్చి నా చొక్కా పట్టుకుని, నా ఛాతీ మీద తల పెట్టి ఏడ్చింది. ఒంగోలు నుంచి నన్ను ఇంటికి తెచ్చిన రోజు కూడా ఆమె ఏడవలేదు. ఆటో దిగి నేరుగా పొయ్యి వెలిగించుకుంది.

"ఊరుకో, మేక ఏం చచ్చిపోలేదు గదా" అన్నాను, ఏమనాలో తెలీక.

"మేక కోసం కాదు" అంది. "ఇప్పుడొచ్చినావయ్యా నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికి."